అక్షరం వెనక వైపు

ఆయన గురించి ఎప్పుడో రాయాల్సింది. రాయకపోవడానికి మొదటి కారణం నాకు రాయడం రాకపోవడం. నలభై దాటేదాకా నా పేరు ఎవరైనా కాగితం మీద రాసి చూపిస్తే అది నాదో పక్కింటామెదో తెలిసేది కాదు. తర్వాత రాయడం వచ్చింది. అయినా రాయలేకపోయాను. ఆయన విషయంలో ఒక్క సంగతి నాకు తేలలేదు. నా భర్త చనిపోయిన టవరుకు పేరు అక్షరాలు ఆయన నా చేతనే చేయించాడు. అది ఆ టవరేనని తెలిసి చేయించాడా, తెలియక చేయించాడా? తెలియక చేయిస్తే ఆయన గురించి ఒక రకంగా రాయాలి. తెలిసి చేయిస్తే ఇంకో రకంగా రాయాలి. అడిగితే తిన్నగా చెప్పలేదు. చెప్పకుండానే పోయాడు. మొన్న ఆ అక్షరాల్లో ఒకటి గోడ నుంచి ఊడి మా షాపుకు తిరిగి వచ్చింది. దాన్ని చూశాక ఇక రాయగలను అనిపించింది.

ఆయన పేరు రాయను. ఈ పని చేసేవాళ్ళలో చాలామంది బోర్డు మూలలో తమ షాపు పేరు చిన్నగా చెక్కుకుంటారు. ఆయన చెక్కలేదు, ఎవరినీ చెక్కనివ్వలేదు. ఇల్లు వాళ్ళది, పేరు వాళ్ళది, నడుమ మనమెందుకు అనేవాడు. నేను కాకా అని పిలిచేదాన్ని. ఇక్కడా అలాగే అంటాను.

శేరిలింగంపల్లిలో రైలు పట్టాల వెనక గల్లీలో ఒక షట్టరు. ఒక పక్క ఫోన్లు బాగుచేసే షాపు, ఇంకో పక్క పిండిగిర్ని. గిర్ని నడిచినంతసేపూ మా గోడ వణికేది. అక్కడ కాకా ఇత్తడి అక్షరాలు చేసేవాడు. అపార్ట్‌మెంట్ల తలుపుల మీద పెట్టుకునే ఇంటిపేర్లు, ఆఫీసుల ముందు గోడలకు బిగించే పెద్ద ఇంగ్లీషు అక్షరాలు. ఇత్తడి పలకను కోసేది మిషను, అది వేరేచోట ఉంటుంది. మిషను నుంచి వచ్చిన అక్షరం చూడటానికి పని అయిపోయినట్టే ఉంటుంది. కానీ మిషనుకు లోపలి మూల కోయడం రాదు. మూలలన్నీ గుండ్రంగా వదిలేస్తుంది. అంచుల వెంట గరుకు మిగులుతుంది, వేలు పెడితే తెగేంత. ఆ మూలలు తెరవడం, ఆ గరుకు తీయడం చిన్న ఆకురాళ్ళతో చేసే చేతిపని. పుస్తకాల్లో ఆకురాయి అని ఉంటుంది. మా గల్లీలో రేతి అంటారు. నా నోటికి ఆ మాటే వస్తుంది.

నేను అక్కడికి ఊడవడానికి వెళ్ళాను. నా భర్త కోకాపేటలో కడుతున్న టవరు మీది నుంచి పడ్డాడు. బెల్టు పెట్టుకోలేదని కంపెనీవాళ్ళు చెప్పారు. పెట్టుకున్నాడు, దాని కొక్కెం తగిలించడానికే అక్కడ ఏమీ లేదని ఆయనతో పనిచేసినవాళ్ళు చెప్పారు. నాతో చెప్పారు, కంపెనీవాళ్ళతో చెప్పలేదు. లేబర్ క్యాంపులో రేకుల గది ఖాళీ చేసి నేనూ నా బిడ్డా శేరిలింగంపల్లిలో కిరాయికి దిగాం. పొద్దున రాయదుర్గం మెట్రో దగ్గర ఒక ఆఫీసు తుడిచేదాన్ని, మధ్యాహ్నం ఈ గల్లీలో షాపులు.

కాకా షాపు ఊడవడం అన్నిటికన్నా విసుగు. ఇత్తడి పొడీ ఇనుప పొడీ కలవకూడదు. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం దారానికి కట్టి ఇచ్చాడు. దాన్ని నేలంతా లాగి ఇనుమును ఏరి, ఆ తర్వాతే చీపురు పట్టాలి. నాకు ముందు ఊడ్చినామె ఆ పని చూసి మళ్ళీ రాలేదట. నేను మాత్రం ఆ దారం పట్టుకుని మూలమూలా తిరుగుతూ ఉండేదాన్ని. ఇంటికి పోయినా ఏముంది. ఆ రోజుల్లో ఏ పని ఎంత ఆలస్యమైతే నాకు అంత మంచిది.

ఒకరోజు ఆయన రేతి పక్కన పెట్టి నన్ను చూశాడు.

"పాలమూరూ, నీకు ఓపిక ఉన్నది. ఆ ఓపిక చీపురుకు పెట్టి ఏం జేస్తవ్. ఇట్ల కూసో."

మాది ఏ జిల్లా అని మొదటిరోజే అడిగాడు, ఇక అదే నా పేరైంది. అసలు పేరు ఆయనకు తెలుసో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే.

రేతులు పెట్టుకునే గుడ్డచుట్ట ఆయన భార్య కుట్టింది, పాత లుంగీతో. ఆమెను నేను చిన్నమ్మా అంటాను. ఒక్కో రేతికి ఒక్కో అర. రేతికి రేతి తగిలితే పళ్ళు పోతాయి కాబట్టి అవి ఒకదాన్నొకటి ఎప్పుడూ తాకేవి కావు. చదునువి, గుండ్రటివి, అరగుండ్రటివి, ముక్కోణంవి, నలుచదరంవి, కత్తిలాంటివి. పెద్దవాటికి విరిగిన చపాతీకర్రలు కోసి పిడులు వేశాడు. సన్నవాటికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టాడు. చుట్ట విప్పి, నా ముందు ఒక అక్షరం పెట్టి, ఏది కావాలో తీసుకొమ్మన్నాడు. త్వరగా అవుతుందని నేను అన్నిటికన్నా పెద్దది తీశాను.

"అన్నం తినేటప్పుడు గంటె నోట్ల పెట్టుకుంటవా?" అన్నాడు.

రేతిని ఎంచుకోవడమే సగం పని అనేవాడు. చేతికి అలవాటైందని తీయకూడదు. అక్షరం లోపలి వంపు కన్నా రేతి వంపు కొంచెం చిన్నదిగా ఉండాలి. పెద్దదైతే రెండు చివర్లా కొరుకుతుంది, నడుమ తాకనే తాకదు. మరీ చిన్నదైతే అలలు పడతాయి. మూలలకు ఇంకో చిక్కు ఉంది. ఒక గోడను అరగదీస్తుంటే పక్క గోడ కూడా తెగిపోతుంది. అందుకని ఆయన చదును రేతికి ఒక అంచున పళ్ళన్నీ సానరాయి మీద అరగదీసి నున్నగా చేసి పెట్టుకున్నాడు. ఆ నున్నటి అంచు పక్క గోడను ఆనుకుని పోతుంది, దాన్ని ఏమీ చేయదు. నాకు చాలా రోజులు పట్టింది ఏ వైపు పళ్ళున్నాయో చూడకుండా తెలియడానికి.

తోసేటప్పుడే తెగుతుంది, వెనక్కి వచ్చేటప్పుడు లేపాలి. లేపకుండా ఈడిస్తే రేతి కీచుమంటుంది. ఆయన ఎటో చూస్తూ ఉన్నా ఆ కీచు వినబడితే చాలు, సుద్దముక్క వచ్చి నా చేతికి తగిలేది. ఆ సుద్ద రేతికి రాయడానికి. రాస్తే పళ్ళ మధ్య ఇత్తడి ఇరుక్కోదు. అరిగిన చోట వేలితో తడమనిచ్చేవాడు కాదు. వేలి చెమట అంటితే దాని మీద రేతి జారుతుంది. నున్నగా అయిందా లేదా అని గోరుతో చూడాలి. ఆయన కుడిచేతి చిటికెన గోరు ఒక్కటే పెంచేవాడు, దానికోసమే. షాపులోనే కాదు, టీ గ్లాసు అంచు, బస్సులో సీటు కమ్మీ, ఎవరింటికైనా వెళ్తే గుమ్మం గొళ్ళెం, అన్నిటి మీదా ఆ గోరు ఒకసారి పోయేది. నచ్చకపోతే మొహం చిట్లించేవాడు. ఇంటివాళ్ళు తమను చూసే అనుకునేవాళ్ళు.

కొత్త రేతి ముందు ఇత్తడికే వాడాలి. పళ్ళు కొంచెం మొద్దుబారాక ఇనుముకు ఇవ్వొచ్చు. ఇనుము తిన్న రేతి మళ్ళీ ఇత్తడిని సరిగా పట్టదు. ఒకసారి ఫోన్ల షాపాయన కాకా లేనప్పుడు వచ్చి కొత్త ముక్కోణం రేతి అడిగి తీసుకుపోయి, ఏదో ఇనుప మరను రాకాడు. తిరిగి తెచ్చిస్తే కాకా దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఉంచుకో," అన్నాడు.

"అయ్యో కాకా, పనైపోయింది నాది."

"దాని పని గుడ అయిపోయింది. ఉంచుకో."

అంతే. ఆ తర్వాత చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు. ఫోన్ల షాపాయన రోజూ నమస్తే పెట్టేవాడు, కాకా రోజూ గిర్ని వైపు చూసేవాడు.

ఆయనతో ఆటోలో పోతే అదొక తమాషా. దారి పొడవునా బోర్డులే చూసేవాడు. ఆ ‘మ’ ఏందది, కడుపుబ్బి కూసున్నది. ఆ ‘ర’ అన్నం తిని ఎన్ని దినాలైందో. లైట్లు మిణుకుమిణుకుమనే బోర్డు కనబడితే, దానికి జరం వచ్చింది, దవాఖానకు తోల్కపోండ్రి అనేవాడు. ఆటో అతను నవ్వేవాడు. కాకా నవ్వేవాడు కాదు.

నాకు అక్షరాలు అక్కడే వచ్చాయి. పలక మీద నేర్చుకున్నవాళ్ళకు అక్షరం అంటే గీత. నాకు అది ముందు ఒక కన్నం, ఒక సందు. ‘ర’ అంటే గుండ్రటి రేతి తిరిగే కన్నం. తలకట్టు కింద ఇరుకులో కత్తిరేతి తప్ప ఏదీ దూరదు. కాకా పాఠం చెప్పలేదు. ఆ ‘ర’ ఇటియ్యి, ఆ ‘ల’ పక్కన పెట్టు అంటుంటే ఏది ఏదో తెలిసిపోయింది. తర్వాత బస్తీలో సాయంత్రాలు ఆడవాళ్ళకు చదువు చెప్పే టీచరమ్మ దగ్గరికి వెళ్ళాను. పెన్సిలును రేతి పట్టినట్టే పట్టుకుని ముందుకు తోసి, వెనక్కి వచ్చేటప్పుడు లేపేదాన్ని. ములుకు విరిగేది. కాగితానికి పళ్ళు తోముతున్నావా అని ఆమె నవ్వేది. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం అప్పట్లో రాలేదు. వాటికి నేను నా పేర్లు పెట్టుకున్నాను. ఒకటి నిచ్చెన, ఒకటి గొళ్ళెం, ఒకటి కాలు చాపినది. దానికి పైన కడుపుంటుంది, కింద ఒక కాలు ముందుకు చాచి ఉంటుంది.

వెనక వైపు చేయడం కొత్తగా వచ్చినవాళ్ళ పని, అంటే నాది. అక్షరం ముందు వైపు ఎంత మెరిసినా, గోడను ఆనుకునే వెనక వైపు కూడా అంచుల గరుకు మొత్తం తీసేయాలి. చూపుకు రాని పనికి అంత సేపెందుకని నాకు బాధగా ఉండేది. గోడకు పోయే దిక్కు ఎవరు చూస్తరు కాకా అని ఒకసారి అడిగాను.

"గోడ చూస్తది," అన్నాడు. అక్షరం అంచు నాకు చూపిస్తూ మళ్ళీ అన్నాడు. "ఈ గరుకు ఎంత, ఎంట్రుకంత. గంత సందు చాలు వాననీళ్ళకు. నీళ్ళు దూరితే గమ్ము వదుల్తది, ఎనక పిన్నులు కదుల్తయ్, అక్షరం ఊడ్తది. ఊడితే ఎవని నెత్తి మీద పడ్తదో. పొట్టకూటికి చేస్తున్నం పాలమూరూ, నెత్తులు పలగ్గొట్టనీకి కాదు."

ఆ తర్వాత నేను ఎన్నడూ అడగలేదు. ఆయన చేసిన పని ఏది వెనక్కి తిప్పినా అద్దంలా ఉండేది.

ఒక మధ్యాహ్నం అన్నం తింటూ నా భర్త సంగతి చెప్పాను. ఏ టవరు అని అడిగాడు. అప్పటికి దానికి పేరు లేదన్నాను. మేము సైటు అనేవాళ్ళం, అంతే. "గేటు కాడ పెద్ద రాతిగుండు ఉంటది కాకా, ఏనుగు కూసున్నట్టు. అన్ని గుండ్లు పేల్చిండ్రు, అదొక్కటి ఉంచిండ్రు. ఆయన సద్ది గిన్నె దాని నీడలనే పెట్టుకునేటోడు." కాకా గిన్నె మూత పెట్టాడు. చెయ్యి కడుక్కుని పనిలో కూర్చున్నాడు.

చాలాకాలం తర్వాత ఒక పెద్ద పని వచ్చింది. గోడ కొలవడానికి ఆయనే వెళ్ళాడు. ఎప్పుడు గోడ కొలిచి వచ్చినా దాని గురించి ఏదో ఒకటి చెప్పేవాడు. వంకరగా ఉందనో, దాని మీద ఎండ ఎటు పడుతుందనో, కట్టినవాడికి బుద్ధి లేదనో. ఆరోజు టేపు కొక్కానికి తగిలించి, ఇంగ్లీషుది, పెద్దవి అన్నాడు. అంతే. మిషను నుంచి అక్షరాలు వచ్చాక ఒక్కోటి నా ముందు పెట్టాడు. అప్పట్లో చేతిలో రెండు పనులుండేవి. ఇంకోటి ఒక చిన్న కంపెనీ బోర్డు, అది ఆయన చేసేవాడు, నేను పెద్దవి చేసేదాన్ని. కాలు చాపిన అక్షరం కడుపులో, కింది మూల దగ్గర, నా అరగుండ్రం రేతి జారి ఒక గంటు పడింది. తిట్టు తప్పదని తల వంచుకుని కూర్చున్నాను. ఆయన గోరు ఆ గంటు మీదుగా పోయింది. తిట్టు రాలేదు, నా అదృష్టం అనుకున్నాను.

దాన్ని వెనక్కి తిప్పబోతుంటే నా చేతిలోంచి తీసుకున్నాడు.

"ఎనకవి నేను చూస్కుంట. నువ్వు ముంగట చెయ్యి."

గంటు పడింది కదా, నా చేతి మీద నమ్మకం పోయిందనుకున్నాను. అన్నిటి వెనకవీ ఆయనే ఉంచుకున్నాడు. బిగించేవాళ్ళు వచ్చేసరికి గోనెసంచుల్లో చుట్టి పెట్టి ఉన్నాయి. పట్టుకుపోయారు. ఆ చిన్న కంపెనీవాళ్ళు మాత్రం తమ బోర్డు కోసం రాలేదు. అది సిద్ధమయ్యేలోపే కంపెనీ మూతపడిందట. కాకా దాన్ని కరిగించనివ్వలేదు, గుడ్డలో చుట్టి అలమారలో పెట్టాడు.

ఆ వానాకాలం పోయాక ఒక చుట్టమింటికి వెళ్తుంటే బస్సు కోకాపేటలో ఆగింది. కిటికీలోంచి ముందు గుండు కనబడింది. చుట్టూ గడ్డి వేశారు, కింద లైట్లు పెట్టారు. అదే ఏనుగు. పక్కన నున్నటి నల్లరాతి గోడ, దాని మీద ఇత్తడి అక్షరాలు. ఇంగ్లీషు చదవడం రాదు, కానీ వరుస తెలిసిపోయింది. నిచ్చెన, గొళ్ళెం, కాలు చాపినది. నా ఒళ్ళో తిరిగిన అక్షరాలు. బస్సు దిగి గోడ దగ్గరికి వెళ్ళాను. కాలు చాపినదాని కడుపులో గంటు ఉంది. గోడ కింద స్టూలు వేసుకుని కూర్చున్న సెక్యూరిటీ ఆమె ఎవరు గావాలమ్మా అని అడిగింది. ఎవరు లేరు అన్నాను.

మర్నాడు షాపుకు వెళ్ళి నిలబడే అడిగాను.

"కాకా, ఆ కోకాపేట గోడ కొలిచిననాడు పక్కన గుండు కనబడలేదా?"

రేతి ఆగలేదు.

"ఏనుగు కూసున్నట్టు ఉంటదని నీకు చెప్పిన."

ఆయన పాత బ్రష్షుతో పొడి దులిపాడు. "పని అడిగినవ్. పని ఇచ్చిన."

"నా తోని చేయిస్తవా అది?"

"మరి ఏ గోడకు చేద్దం పాలమూరూ?" తల ఎత్తలేదు. "ఈ దిక్కు మనిషి సావని గోడ ఒక్కటి సూపియ్యి. ఇగ దానికే చేద్దం, మిగిలినయన్ని వాపస్ పంపుత."

ఆ మాట అబద్ధం కాదు. కానీ నేను అడిగింది అది కాదు. చీర కొంగుకు అంటిన ఇత్తడి పొడి దులుపుకుని ఇంటికి వచ్చేశాను. కొన్నాళ్ళు పోలేదు. తర్వాత పోక తప్పలేదు. నా చేతికి ఇక వేరే పని పట్టేది కాదు. ఆయన ఏమీ అడగకుండా గుడ్డచుట్ట నా వైపు జరిపాడు. మళ్ళీ ఆ ఊసు ఎవరమూ ఎత్తలేదు. మా మధ్య మాటలు తగ్గిపోయాయి. గిర్ని ఆగినప్పుడు రెండు రేతుల చప్పుడు మాత్రం వినబడేది. ఆ కోపంలోనే నా బిడ్డ దగ్గర ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాను. నాకు తెలియని అక్షరం ఇంకెవరూ నా చేతిలో పెట్టకూడదని. కాలు చాపినదాన్ని ఆర్ అంటారని అప్పుడే తెలిసింది.

ఒక ఎండాకాలం ఆయనకు ఆయాసం ఎక్కువైంది. దవాఖానలో చేర్చారు. చూడబోతే మంచం మీద పక్కకు తిరిగి, కమ్మీ అతుకు మీద గోరు పెట్టి రాకుతున్నాడు.

"సూడు, వెల్డింగ్ చేసి ఇడిసిపెట్టిండ్రు. రేతి పట్టలే."

రేపు తెస్త కాకా అన్నాను, మాటవరసకు.

"పెద్దది తేకు. అరగుండ్రంది తే."

అడగాలంటే అదే సమయం. నోటిదాకా వచ్చింది. ఆ మనిషి ఒక్కో ఊపిరినీ ఎక్కడినుంచో లాక్కొస్తున్నాడు. ఆయన్ని ఇప్పుడు ఏం అడుగుతాం. మర్నాడు పొద్దున అరగుండ్రం రేతి కాగితంలో చుట్టి నిజంగానే తీసుకెళ్ళాను. మంచం మీద దుప్పటి తీసేసి ఉంది. పక్క మంచం ఆయన చేత్తోనే సైగ చేసి చెప్పాడు.

చిన్నమ్మ ఏడుస్తుంటే పట్టుకుని కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు. అక్కడున్నవాళ్ళు దాన్ని గమనించారు కూడా. కొద్దిరోజులకు చిన్నమ్మ షట్టరు తాళంచెవి, గుడ్డచుట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇవి ఇంట్ల ఉంటే నాకు నిద్రపడతలేదు, తీస్కపో అంది. అప్పటినుంచి షాపు నేనే చూస్తున్నాను. రోజూ ఆయన రేతులతోనే పని. వాటి పిడుల మీద ఆయన బొటనవేలు పడి పడి గుంట పడ్డ చోట నా వేలు పడుతుంది. చాలాసార్లు వేలు అక్కడినుంచి పక్కకు జరిపి పట్టుకున్నాను.

మొన్న మధ్యాహ్నం చొక్కా టక్ చేసుకున్న ఒకాయన సంచి పట్టుకుని వచ్చాడు. కోకాపేట టవరులో మెయింటెనెన్స్ సూపర్‌వైజరట. మాట కోస్తా మాట.

"ఇది మీ షాపులోనే చేయించారంటండి. ఊడిపోయింది. కొంచెం సరిచేసి ఇస్తే మళ్ళీ పెట్టించేస్తామండి."

సంచిలోంచి ఆర్ తీసి బల్ల మీద పెట్టాడు. ఒక కాలి చివర వంగింది. కడుపులో నా గంటు. ఎట్ల ఊడిందని అడిగాను.

"వానకేనండి. వెనకంతా నీళ్ళు దిగాయి. అదృష్టం బాగుంది, కింద సెక్యూరిటీ ఆవిడ స్టూలు మీద పడిందండి. ఆవిడ అప్పుడే మంచినీళ్ళకి లేచెళ్ళింది. స్టూలు మాత్రం రెండు ముక్కలయింది."

రేపు చెబుతానని ఆయన్ని పంపించేశాను. తర్వాత అక్షరాన్ని వెనక్కి తిప్పాను.

గరుకు. మిషను వదిలినది వదిలినట్టే ఉంది. అంచు పొడవునా రంపపు పళ్ళలా లేచి, నీళ్ళు తాగి పచ్చబడి ఉంది. ఏ మూలా రేతి తాకిన గుర్తు లేదు. ముందు వైపు నేను ఎంత నున్నగా చేశానో వెనక వైపు అంత పచ్చిగా ఉంది. నా గోరు పోనిచ్చాను. విరిగింది.

నమ్మలేక అలమార తెరిచాను. ఎవరూ తీసుకుపోని ఆ చిన్న కంపెనీ బోర్డు గుడ్డలోనే ఉంది. అదే రోజుల్లో, అదే బల్ల మీద, అదే చేత్తో కాకా చేసింది. వెనక్కి తిప్పాను. అద్దంలా ఉంది. అంటే చేతకాక వదల్లేదు, ఓపిక లేక వదల్లేదు. ఎనకవి నేను చూస్కుంట అని నా చేతిలోంచి తీసుకున్నవాటిని చేయకుండా వదిలాడు. జీవితంలో ఒక్క అక్షరం వెనక కూడా గరుకు ఉంచని మనిషి, ఆ ఒక్క గోడకు పోయేవాటికి ఉంచాడు. ఆ గోడకు అవి ఆనకూడదని.

ఆయనకు తెలుసు. గుండును చూసినప్పుడే తెలుసు.

అప్పుడు ఏడ్చాను. గిర్ని నడుస్తోంది కాబట్టి ఎవరికీ వినబడలేదు. చాలాసేపటికి ఏడుపు ఆగాక ఇంకో సంగతి కనబడింది. కాకా ఎవరి మీద కోపంతో ఆ గరుకు వదిలాడో వాళ్ళెవరూ ఆ గోడ కింద నడవరు. వాళ్ళ కార్లు గేటులోంచి తిన్నగా నేల కిందికి దిగిపోతాయి. ఆ గోడ నీడలో రోజంతా కూర్చునేది నాలాంటి ఒక ఆడమనిషి. ఎవని నెత్తి మీద పడ్తదో అని నాకు నేర్పిన మనిషే అది మరిచిపోయాడు. మరిచిపోయాడో, కోపంలో పట్టించుకోలేదో. ఇంతకాలం కాకా మీద ఒక కోపం మోశాను. అది దిగిందో లేదో చూసుకునేలోపే ఇంకోటి వచ్చి కూర్చుంది. సాయంత్రం దాకా ఆ అక్షరం ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. దాన్ని సరిచేయలేదు. కాకా వదిలినదాన్ని నా చేత్తో తీసేయడానికి మనసొప్పలేదు. ఆ గోడకు ఇంకోసారి పని చేయడానికీ మనసొప్పలేదు.

మర్నాడు పొద్దున గుడ్డచుట్ట, సుద్దముక్క, ఆర్, అన్నీ సంచిలో వేసుకుని కోకాపేట బస్సెక్కాను. సెక్యూరిటీ ఆమె అదే గోడ కింద ఉంది. స్టూలు లేదు కాబట్టి ఇటుకలు పేర్చుకుని కూర్చుంది. అమ్మా, జర లేసి ఆ గుండు నీడకు పోయి కూసో అన్నాను. ఎందుకని అడిగింది. పని ఉన్నది అన్నాను. ఆమె ఇటుకలు మోసుకుని పోయి, ఒకప్పుడు సద్ది గిన్నె ఉండే చోట పేర్చుకుంది.

సూపర్‌వైజరు వచ్చి, ఒక్కటే కదండీ ఊడింది, మిగతావన్నీ గట్టిగానే ఉన్నాయి అన్నాడు. గట్టిగ లేవు సార్, అన్నిటికి ఎనక పని కాలేదు, అన్నీ దింపియ్యండి అన్నాను. ఎవరు చేశారండి ఇలాగ అని విసుక్కున్నాడు. మా షాపుదే తప్పు అన్నాను. కాకా పేరు చెప్పలేదు.

నిచ్చెన తెప్పించి, మొదటి అక్షరం దించి నా చేతికి ఇచ్చారు. వెనక్కి తిప్పి గోరు పెట్టి చూశాను. తర్వాత అక్కడే నేల మీద కూర్చుని, చదును రేతికి సుద్ద రాశాను.